వేసవిలో బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్: టికెట్లు కొన్నాక రూల్స్ మారితే ఏం చేయాలి?

కృష్ణలంక_కిరణ్ | 11 జనవరి 2026, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఏప్రిల్ ఆఖరి వారంలో పిల్లల పరీక్షలు అయిపోతాయి. శంషాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి కౌలాలంపూర్, చివర్లో సింగపూర్‌లో మా బావమరిది ఇంట్లో కొన్నాళ్ళు ఉండి మే మొదటి వారంలో తిరిగి రావాలని ప్లాన్. నేను, మా ఆవిడ, పదిహేనేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ బాబు, మా అమ్మ వెళ్తాం.

ఇప్పుడు కొంటే టికెట్లు బాగా చవగ్గా ఉన్నాయి. నా భయమల్లా ఒకటే. ఇవాళ వీసా అక్కర్లేదంటారు, రేపు కావాలంటారు. ఇరాన్ సంగతి చూశారు కదా, 2024 ఫిబ్రవరిలో మనవాళ్ళకి వీసా లేకుండానే రానిచ్చారు, మొన్న 2025 నవంబర్ 22 నుంచి ఆపేశారు. ట్రాన్సిట్‌కి కూడా వీసా ఉండాల్సిందే అన్నారట. ఏప్రిల్ లోపు థాయ్‌లాండో మలేషియానో అలాగే చేస్తే ఐదుగురి టికెట్ల డబ్బు గంగలో పోసినట్టే. కాస్త ఆగి కొనమంటారా?

పాస్‌పోర్టుల గడువు: నాది, మా ఆవిడది 2031 వరకు. అమ్మది 2029. అమ్మాయిది 2027 ఆగస్టు. బాబుది 2026 సెప్టెంబర్.

గోదారిగట్టు | 11 జనవరి, రాత్రి 10:05

థాయ్‌లాండ్ ఫ్రీ, మలేషియా ఫ్రీ, సింగపూర్‌కి మాత్రం వీసా తీసుకోవాలి. అంతే కదండీ, ఇంత టెన్షన్ ఎందుకు? ఎవరైనా ఏజెంట్‌కి అప్పజెప్పేస్తే వాళ్ళే చూసుకుంటారు.

చెకిన్_కౌంటర్ | 11 జనవరి, రాత్రి 11:18

కిరణ్ గారూ, రూల్స్ మారతాయేమో అన్నది తర్వాత చూద్దాం. ఇప్పుడున్న రూల్‌తోనే మీ బాబు ప్రయాణం ఆగిపోతుంది. సెప్టెంబర్‌లో గడువు తీరే పాస్‌పోర్టుతో ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఆరు నెలలు మిగలవు. మీరు వెళ్ళే మూడు చోట్లా ఆరు నెలల గడువు అడుగుతారు. మిగతా నలుగురికీ బోర్డింగ్ పాస్ ఇచ్చి ఎనిమిదేళ్ళ పిల్లాడిని ఆపాల్సి వస్తే మా పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్‌ని, ఇలాంటి గొడవ సెలవుల సీజన్‌లో ప్రతి ఏడాదీ చూస్తాను.

ఇంకో సంగతి. చాలామంది అక్కడ దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసర్‌తో మాట్లాడుకోవచ్చు అనుకుంటారు. అంతదాకా వెళ్ళనివ్వం. ఏ దేశానికి ఏ పాస్‌పోర్టు వాళ్ళకి ఏమేం కావాలో ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) వాళ్ళ టిమాటిక్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. కౌంటర్లో మేం చూసేది అదే. సరైన కాగితాలు లేని మనిషిని తీసుకెళ్తే ఎయిర్‌లైన్‌కి జరిమానా పడుతుంది, వెనక్కి తెచ్చే ఖర్చూ వాళ్ళదే. అందుకే మా దగ్గర ‘ఈ ఒక్కసారికి వదిలేయండి’ అనేది ఉండదు. కొన్ని ఎయిర్‌లైన్స్ తమ సైట్‌లోనే ఈ సమాచారం చూసుకునే వీలు ఇస్తాయి. టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారంలో ఒకసారి అక్కడ చూడండి. యూట్యూబ్ వీడియో రెండేళ్ళ కిందటిదైనా కొత్తగానే కనిపిస్తుంది.

కృష్ణలంక_కిరణ్ | 12 జనవరి, ఉదయం 6:50

అమ్మో, మంచి మాట చెప్పారు సార్. ఏప్రిల్ లోపు బాబు పాస్‌పోర్టు కొత్తది వస్తుందా? టికెట్ పాత నంబరుతో కొనొచ్చా, లేక వచ్చేదాకా ఆగాలా?

మాధవి_వైజాగ్ | 12 జనవరి, ఉదయం 8:31

వస్తుందండీ, ఇంకా మూడు నెలలు ఉంది. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో రీఇష్యూకి పెట్టండి. మైనర్‌కి ఫీజు వెయ్యి రూపాయలు. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెగ్జర్ డి (అంగీకార పత్రం) కావాలి. మీ ఇద్దరి పాస్‌పోర్టులూ చెల్లుబాటులో ఉన్నాయి కాబట్టి మామూలుగా పోలీస్ వెరిఫికేషన్ ఉండదు. అపాయింట్‌మెంట్‌కి బాబుని కూడా తీసుకెళ్ళాలి, ఆ రోజు స్కూలు మాన్పించాల్సిందే.

మైనర్ పాస్‌పోర్టు ఐదేళ్ళే. మీ బాబుది మూడేళ్ళప్పుడు తీయించి ఉంటారు. ఆ ఫొటోకీ ఇప్పటి ముఖానికీ పోలిక ఉండదు, ఎలాగూ మార్చడమే మంచిది.

టికెట్ పేరు మీద ఉంటుంది, పాస్‌పోర్టు నంబరు తర్వాత మార్చుకోవచ్చు. సింగపూర్ వీసా మాత్రం కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాకే పెట్టండి. వీసా ఆ నంబరు మీదే ఇస్తారు.

గోదారిగట్టు | 12 జనవరి, ఉదయం 9:02

ఈ మధ్య చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు ఇస్తున్నారు కదా. పాతవాళ్ళందరూ మార్చుకోవాలని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. నిజమేనా?

మాధవి_వైజాగ్ | 12 జనవరి, ఉదయం 9:10

కాదు. పాతది గడువు తీరేదాకా చెల్లుతుంది.

సింగపూర్_సరళ | 12 జనవరి, మధ్యాహ్నం 1:26

కిరణ్ గారూ, మీ బావమరిది సింగపూర్ పౌరుడో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) హోల్డరో అయితే ఆయనే లోకల్ కాంటాక్ట్‌గా మీ అందరికీ వీసా పెట్టొచ్చు. వర్క్ పాస్ మీద ఉంటే మాత్రం కుదరదు, అప్పుడు ఇండియాలో అధీకృత ఏజెంట్ ద్వారా వెళ్ళాలి. వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంట్ ఖర్చు వేరు.

వీసా వచ్చింది కదా అని ఊరుకోకూడదు. ఎస్‌జీ అరైవల్ కార్డు అని ఇంకొకటి ఉంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి, ఉచితం. థాయ్‌లాండ్‌కి టీడీఏసీ, మలేషియాకి ఎండీఏసీ కూడా ఇలాంటి డిజిటల్ అరైవల్ కార్డులే. ఎండీఏసీ 2024 జనవరి నుంచి ఉంది. టీడీఏసీ 2025 మే 1న వచ్చింది, అంతకుముందు చేత్తో నింపిన టీఎం 6 కాగితం బదులు ఇది. వీసా ఫ్రీ అన్న మాట విని ఈ కార్డుల సంగతి వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఐదుగురికి మూడు దేశాలంటే పదిహేను కార్డులు. పిల్లలకీ వేరేగా ఉండాలి. థాయ్‌లాండ్ ఫారంలో కుటుంబం మొత్తాన్ని ఒకేసారి చేర్చుకునే వీలుంది.

ముందే కూర్చుని అన్నీ నింపేద్దాం అంటే తీసుకోదు, మూడు రోజుల ముందే తెరుచుకుంటుంది. అంటే మలేషియా కార్డు మీరు బ్యాంకాక్ హోటల్లో, సింగపూర్ కార్డు కౌలాలంపూర్‌లో కూర్చుని నింపాలి. ఫోన్‌లో అందరి పాస్‌పోర్టు ఫొటోలు, హోటల్ అడ్రసులు పెట్టుకోండి.

ఇంకో కొత్త విషయం. 2026 జనవరి 30 నుంచి ఇక్కడి ఐసీఏ (ఇమిగ్రేషన్ శాఖ) వాళ్ళు అర్హత లేని ప్రయాణికులను విమానం ఎక్కించుకోవద్దని ఎయిర్‌లైన్స్‌కి ముందే నోటీసు పంపుతారు. వీసా లేకపోయినా, పాస్‌పోర్టుకి ఆరు నెలలు లేకపోయినా అక్కడే ఆగిపోతారు. చాంగీలో దిగి మా బావమరిదిని పిలుస్తాం అంటే కుదరదు.

కృష్ణలంక_కిరణ్ | 12 జనవరి, మధ్యాహ్నం 2:15

సరళ గారూ, చాలా థాంక్స్. బావమరిది పీఆరే. అమ్మకి షుగర్, బీపీ మందులు, నిద్ర మాత్రలు ఉన్నాయి. అవి తేవచ్చా?

సింగపూర్_సరళ | 12 జనవరి, సాయంత్రం 5:40

షుగర్, బీపీ మందులకి మామూలుగా ఇబ్బంది ఉండదు, ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలో పెట్టుకోండి. నిద్ర మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త. డయాజెపామ్ లాంటివి, కోడీన్ ఉన్న దగ్గు మందులు ఇక్కడ నియంత్రణలో ఉన్నవి, ముందుగా హెచ్‌ఎస్‌ఏ (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) అనుమతి తీసుకోవాల్సి రావొచ్చు. మాత్ర పేరు కాదు, లోపలున్న మందు పేరు చూసి వాళ్ళ సైట్‌లో వెతకండి.

మీ ఆవిడ తమ్ముడింటికి మసాలాలు కడుతుంది కదా, గసగసాలు వద్దని చెప్పండి. సింగపూర్‌లో నిషేధం. దుబాయ్‌లోనూ అంతే, అక్కడ దీని మీద కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి కూడా ఇంట్లోనే ఉంచండి. వేపింగ్ పెన్నులు, గుట్కా అసలే వద్దు.

గోదారిగట్టు | 12 జనవరి, సాయంత్రం 6:03

గసగసాలు లేకుండా కోడికూరా! బావమరిదికి ఇది తెలిసే పీఆర్ తీసుకున్నాడా?

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి | 12 జనవరి, రాత్రి 8:44

ఏజెంట్‌కి ఇచ్చేస్తే చాలు అని పైన ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. మా కొలీగ్ కుటుంబం నిరుడు ఒక ఏజెంట్ ద్వారా థాయ్‌లాండ్ వెళ్ళింది. టీడీఏసీకి మనిషికి ఇంత అని వసూలు చేశాడు. అది ఉచితం అని వీళ్ళకి తెలియదు. పైగా అందులో హోటల్ పేరు తప్పు, విమానం నంబరు తప్పు.

గూగుల్‌లో టీడీఏసీ అని వెతికితే అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉండి డాలర్లు అడిగేవి కనిపిస్తాయి. అడ్రసు చివర చూడండి. థాయ్‌లాండ్‌ది డాట్ జీవో డాట్ టీహెచ్, మలేషియాది డాట్ జీవోవీ డాట్ ఎంవై, సింగపూర్‌ది డాట్ జీవోవీ డాట్ ఎస్‌జీ అని ముగియాలి. ఈ మూడు కార్డుల్లో దేనికైనా బ్యాంకు కార్డు నంబరు, దాని ఓటీపీ అడిగితే అది దొంగ సైటే.

గోదారిగట్టు | 12 జనవరి, రాత్రి 9:12

గోపీ, అందరూ నీలా కంప్యూటర్ ముందు కూర్చోలేరు. మా నాన్నలాంటివాళ్ళకి ఏజెంట్ లేకపోతే పాస్‌పోర్టే ఉండేది కాదు. మంచి ఏజెంట్లూ ఉన్నారు.

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి | 12 జనవరి, రాత్రి 9:20

ఉన్నారు, కాదనను. కానీ కౌంటర్ దగ్గర నిలబడేది నువ్వు, ఏజెంట్ కాదు. ఆ రాత్రి పన్నెండింటికి వాడి ఫోన్ స్విచాఫ్.

ఎఫ్‌ఎన్‌యూ_బాధితుడు | 13 జనవరి, ఉదయం 7:55

పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన తెలుగువాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు ‘గివెన్ నేమ్’ గడిలో రాయించుకున్నవాళ్ళు మనలో బోలెడు మంది. నేనూ అంతే. అమెరికా వీసా మీద నా పేరు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని), అసలు పేరు ఇంటిపేరు గడిలో. అక్కడి ఆఫీసులో నన్ను ‘మిస్టర్ ఫ్నూ’ అని పిలిచినవాళ్ళున్నారు.

రూల్స్ ఎలా మారతాయో దీనికీ ఒక కథ ఉంది. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళకి విజిట్ వీసా మీద ప్రవేశం లేదంది. కొద్ది రోజులకే, రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే పర్వాలేదని సవరించారు. ఆ మధ్యలో ప్రయాణం పెట్టుకున్నవాళ్ళ తిప్పలు చెప్పనక్కర్లేదు.

కిరణ్ గారూ, మీ అమ్మగారి పాస్‌పోర్టు తీసి చూడండి. ఆ తరం ఆడవాళ్ళకి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. ఉంటే టికెట్ కొనేటప్పుడు ఆ ఎయిర్‌లైన్ ఏ పద్ధతి చెప్తుందో అలాగే రాయండి, ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో తీరు. బాబుకి ఎలాగూ కొత్త పాస్‌పోర్టే కాబట్టి వాడికైనా రెండు గడులూ నిండేలా చూడండి.

కృష్ణలంక_కిరణ్ | 13 జనవరి, ఉదయం 8:40

చూశాను. ఖాళీయే! మీ దయవల్ల ఇప్పుడే తెలిసింది.

కామారెడ్డి_శ్రీను | 13 జనవరి, మధ్యాహ్నం 12:30

అన్నా, నాదొక డౌట్. మా బామ్మర్దికి ముప్పై రెండేళ్ళు, ఎనిమిదో తరగతి దాకనే చదివిండు. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంది, అంటే కొన్ని దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ చెకింగ్ కావాలె. దోస్తులతోని బ్యాంకాక్ టూర్ పోతా అంటుండు. థాయ్‌లాండ్ ఈసీఆర్ లిస్టుల ఉందంటున్నరు. పోనిస్తరా?

చెకిన్_కౌంటర్ | 13 జనవరి, మధ్యాహ్నం 3:05

శ్రీను అన్నా, లిస్టులో ఉన్న మాట నిజమే. గల్ఫ్ దేశాలతో పాటు థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఆ 18 దేశాల్లో ఉన్నాయి. కానీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ పని కోసం వెళ్ళేవాళ్ళకి. టూరుకి వెళ్ళేవాళ్ళకి అక్కర్లేదు, అయితే తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చుకి డబ్బు చూపించాలి.

ఇక్కడి ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు గట్టిగానే అడుగుతారు. దానికి కారణం ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగం అని బ్యాంకాక్ రప్పించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల క్యాంపుల్లో పెట్టిన కుర్రాళ్ళలో ఆంధ్ర, తెలంగాణ వాళ్ళూ ఉన్నారు. 2025 మార్చిలో వాళ్ళని థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సాట్ నుంచి మన వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. కాబట్టి ఆఫీసర్ అడిగితే విసుక్కోవద్దని మీ బామ్మర్దికి చెప్పండి. దోస్తులెవరు, టికెట్ ఎవరు కొన్నారు అన్నది మీరూ ఒకసారి కనుక్కోండి. అక్కడ ఉద్యోగం చూపిస్తామన్న మాట ఎక్కడైనా వినబడితే పంపకండి.

కామారెడ్డి_శ్రీను | 13 జనవరి, మధ్యాహ్నం 3:22

టికెట్ ఎవడో కొనిచ్చిండట అన్నా. ఇయ్యాలనే అడుగుత.

డల్లాస్_దత్తు | 14 జనవరి, ఉదయం 5:15

భోగి శుభాకాంక్షలు. టూరిస్టు ముచ్చట్ల మధ్య మా గోడు కూడా వినండి. మా తమ్ముడు అమెరికా హెచ్-1బీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) కోసం డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చాడు. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 (వాళ్ళ కుటుంబం) వాళ్ళ సోషల్ మీడియా కూడా పరిశీలించాలన్నారు. ఇంటర్వ్యూలు 2026 మార్చికీ ఆ తర్వాతకీ జరిపేశారు. మార్చినట్టు మెయిల్ వచ్చాక పాత తేదీకి వెళ్తే గేటు లోపలికే రానివ్వరని ఎంబసీ ముందే చెప్పింది. వాడు హైదరాబాద్‌లో, భార్య, పాప అమెరికాలో, ఆఫీసు వాళ్ళు రోజూ ఎప్పుడొస్తావని.

ఇంతకుముందు మెక్సికోలోనో కెనడాలోనో స్టాంపింగ్ చేయించుకునేవాళ్ళం. 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలోనో నివాసం ఉన్న దేశంలోనో మాత్రమే అన్నారు. డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా వీసా తీసుకునే పద్ధతి) కూడా సెప్టెంబర్ 2 నుంచి చాలావరకు తీసేశారు. కాబట్టి పెళ్ళికో పండక్కో వచ్చి పనిలో పనిగా స్టాంపింగ్ చేయించుకుందాం అనే రోజులు పోయాయి. స్టాంపు గడువు తీరినవాళ్ళు అత్యవసరమైతే తప్ప అమెరికా దాటకపోవడమే నయం. రావాల్సి వస్తే ఇండియా నుంచి కూడా పని చేయొచ్చా, ఎన్నాళ్ళు ఒప్పుకుంటారు అన్నది ఆఫీసుతో ముందే కాగితం మీద రాయించుకోండి.

మోడరేటర్ | 14 జనవరి, ఉదయం 9:00

దత్తు గారూ, స్టాంపింగ్ కోసం వేరే చర్చ నడుస్తోంది, వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ ఆసియా ప్రయాణం గురించి మాట్లాడుకుందాం. అందరికీ పండగ శుభాకాంక్షలు.

లీడ్స్_లావణ్య | 14 జనవరి, మధ్యాహ్నం 2:48

మోడరేటర్ గారూ, ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోతాను, యూకేలో చదివే పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. పాత బీఆర్‌పీ (యూకే నివాస అనుమతి) కార్డులు 2024 డిసెంబర్ 31తో అయిపోయాయి, ఇప్పుడు అంతా ఈ-వీసా. సెలవులకి ఇంటికొచ్చి పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నవాళ్ళు ఆ నంబరుని యూకేవీఐ (యూకే వీసా విభాగం) అకౌంట్‌లో చేర్చకుండా బయల్దేరితే, వీసా ఉన్నా ఎయిర్‌లైన్ సిస్టమ్‌లో కనబడకపోవచ్చు. ఊరి నుంచి బయల్దేరకముందే మార్చుకోండి.

అలాగే ‘యూరప్‌కి ఈటియాస్ వచ్చేసింది, అందరూ కట్టాలి’ అనే ఫార్వర్డ్ నమ్మకండి. ఈటియాస్ అంటే వెళ్ళే ముందు ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి. ఇంకా మొదలవలేదు, 2026 చివర్లో అంటున్నారు. వచ్చినా షెంగెన్ వీసా అక్కర్లేని పాస్‌పోర్టుల వాళ్ళకే. మనకి మామూలు వీసానే, ఫీజు 90 యూరోలు.

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి | 14 జనవరి, రాత్రి 8:10

లావణ్య గారు చెప్పింది ముఖ్యం. ప్రకటించినదంతా అమలు కాదు. థాయ్‌లాండ్ 300 బాట్ల ప్రవేశ రుసుము అని ఏళ్ళ తరబడి అంటూనే ఉంది, వాయిదా వేస్తూనే ఉంది. 60 రోజుల వీసా ఫ్రీని 30కి తగ్గిస్తామని నిరుటి నుంచి అంటున్నారు. తగ్గించినా కిరణ్ గారికి తేడా రాదు, నెల రోజులు బ్యాంకాక్‌లో ఉండరు కదా. మలేషియా అయితే మనకి వీసా మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు అని తేదీతో సహా చెప్పింది. కాబట్టి ఆగడం వల్ల లాభం లేదు, కొనేయండి. కాకపోతే రెండు పనులు చేయండి. హోటళ్ళు ఉచితంగా రద్దు చేసుకునేవే తీసుకోండి, పది శాతం ఎక్కువైనా సరే. విమానం టికెట్లలో తేదీ మార్చుకునే వీలున్నవి చూడండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవద్దు, వీసా లేదని ఆపేస్తే మామూలు పాలసీలు పైసా ఇవ్వవు.

చెకిన్_కౌంటర్ | 14 జనవరి, రాత్రి 10:36

దీనికి ఒకటి కలుపుతాను. చవగ్గా వస్తున్నాయని వేర్వేరు బుకింగ్‌లతో కనెక్షన్ ఫ్లైట్లు కొనేవాళ్ళు ఉన్నారు. రెండు టికెట్లు వేరైతే చాలాసార్లు లగేజీ మధ్యలో దిగి తీసుకోవాలి. తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే ఆ దేశం వీసా కావాలి. ట్రాన్సిటే కదా అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంకా, థాయ్‌లాండ్ ఎక్కేటప్పుడు అక్కడి నుంచి బయటికి వెళ్ళే టికెట్ అడుగుతాం. మీరు బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్ టికెట్ అక్కడికెళ్ళి కొందాం అనుకుంటున్నారేమో, ఇక్కడే కొనండి.

కృష్ణలంక_కిరణ్ | 16 జనవరి, సాయంత్రం 4:20

అందరికీ కృతజ్ఞతలు. బాబు పాస్‌పోర్టుకి అపాయింట్‌మెంట్ దొరికింది. అమ్మ పేరు గురించి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టే టికెట్ తీసుకున్నాం, ఆ సంగతి మెయిల్లో కూడా రాయించుకున్నాను. గసగసాల విషయంలో ఇంట్లో చర్చలు ఇంకా నడుస్తున్నాయి.

ఆఖరి ప్రశ్న. సింగపూర్‌లో ఉండగా ఒకరోజు పిల్లల్ని జొహోర్‌లోని లెగోలాండ్‌కి తీసుకెళ్దాం, బస్సులో పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు అంటున్నాడు బావమరిది. అంతకుముందే మలేషియా చూసి వస్తాం కదా, మళ్ళీ ఏమైనా నింపాలా?

సింగపూర్_సరళ | 16 జనవరి, రాత్రి 7:58

నింపాలి. మలేషియాలోకి వెళ్ళే ప్రతిసారీ ఎండీఏసీ కొత్తగా కావాలి, కౌలాలంపూర్‌కి నింపింది పనికిరాదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మీ ఐదుగురికీ ఎస్‌జీ అరైవల్ కార్డు కూడా మళ్ళీ ఉండాలి. రెండూ ముందురోజు రాత్రే చేసేయండి, బస్సులో కూర్చుని పదిమార్లు పాస్‌పోర్టు నంబర్లు కొట్టలేరు. వీటికంటే ముందు మీ సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని చూడండి. సింగిల్ ఎంట్రీ ఇస్తే ఉదయం వెళ్ళినవాళ్ళు తిరిగి లోపలికి రాలేరు, సామానంతా మీ బావమరిది ఇంట్లోనే ఉంటుంది. శని, ఆదివారాలు మాత్రం పెట్టుకోకండి, సరిహద్దు దాటే వుడ్‌ల్యాండ్స్ దగ్గర లైను చూసి మీ అమ్మగారు వెనక్కి తిరుగుతారు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే బయల్దేరండి.